విక్టోరియా మహారాణి - ఎనిమిది ఉన్ని కండువాలు

విజయవాడ బందరు రోడ్డు వెంట వెళ్ళేవారికి బాపు మ్యూజియం భవనం సుపరిచితమే. ఆ భవనానికి మొదట పెట్టిన పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. విక్టోరియా పట్టానికి వచ్చి ఏబది సంవత్సరాలు నిండిన సందర్భంలో, 1887 జూన్ మాసంలో, నాటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్ దానికి శంకుస్థాపన చేశారు. మరుగున పడిన విజయనగర సామ్రాజ్య చరిత్రను 1900లో గ్రంథరూపంలో వెలువరించిన సీవెల్ ఈయనే. ఆ రాణి పేర మన దేశంలో వెలసిన ఆసుపత్రులు, సత్రాలు, గడియార స్తంభాలు, శిలావిగ్రహాలు లెక్కకు మిక్కిలి. ఆమె మాత్రం జీవితంలో ఒక్కసారైనా ఈ గడ్డపై పాదం మోపలేదు. చరిత్ర పాఠాలలో ఆమెను గురించి మనం చదువుకున్నవి ప్రకటనలు, దర్బారులు, బిరుదులు. మేము ఈ వ్యాసంలో ఆమె చేతిపనిని గురించి చెప్పదలచినాము. ఎనుబది ఏండ్ల వయస్సులో, చూపు మందగించిన దశలో, క్రోషియా సూది పట్టి ఆమె ఎనిమిది కండువాలు అల్లి దూరదేశంలో యుద్ధం చేస్తున్న సామాన్య సైనికులకు పంపింది. అవి ఎవరికి చేరినవో, ఎవరికి చేరలేదో తెలిసికొంటే ఆ రాణి హృదయమూ, ఆమె సామ్రాజ్యమూ రెండూ కొంత అర్థమవుతాయని మా నమ్మకం.

క్రోషియా మన పాఠకులకు కొత్త విద్య కాదు. నమాజుకు వెళ్ళే కుమారునికి తల్లి అల్లి ఇచ్చే తెల్లని టోపీ, ఖురాన్ షరీఫ్‌ను చుట్టి ఉంచే జుజ్‌దాన్‌కు అంచు, పుట్టబోయే బిడ్డకు ఉన్ని మేజోళ్ళు - ఇవి మన ఇండ్లలో తరతరాలుగా కనబడుతున్నవే. పరికరాలా, ఒక కొక్కెపు సూది, ఒక దారపుండ. ఒక ఉచ్చులోనుండి మరొక ఉచ్చును లాగుతూ పోవడమే ఇందులోని కిటుకు అంతా. చేతిలో ఎప్పుడూ ఒక్క ఉచ్చే ప్రాణంతో ఉంటుంది. దానిని విడిచిపెట్టి దారం లాగితే పొద్దంతా చేసిన పని క్షణంలో విడిపోతుంది. అసలైన క్రోషియా అల్లికను నేటికీ యంత్రం చేయజాలదు. కాబట్టి ఇటువంటి కానుక ఎంత చిన్నదైనా, దాని వెనుక ఒక మనిషి కూర్చున్న గంటలు ఉండి తీరుతాయి. రాణి అయినా సరే, ఆ గంటలు మరొకరిచేత కూర్చోబెట్టి ఇవ్వలేదు.

విక్టోరియా 1819 మే 24వ తేదీన లండన్‌లోని కెన్సింగ్టన్ ప్రాసాదంలో జన్మించింది. తండ్రి కెంట్ ప్రభువు ఆమెకు ఏడాది నిండకమునుపే మరణించాడు. తల్లి జర్మన్ వనిత. ఆ తల్లి, ఆమె దివాణపు అధికారి కలసి బాలికను పెంచిన తీరు చాలా కఠినమైనది. తోటి పిల్లలతో ఆటలు లేవు. ఎవరిదైనా చేయి పట్టుకొననిదే మెట్లు దిగరాదు. రాణి అయిన రోజువరకు తల్లి గదిలోనే నిద్ర. ఇటువంటి ఒంటరి బాల్యంలో ఆమెకు తోడు నిలిచినవారు ఇద్దరు: లేజన్ అనే జర్మన్ శిక్షకురాలు, సూదిదారము. లేజన్ సహాయంతో ఆ బాలిక చిన్న చిన్న కొయ్యబొమ్మలకు దుస్తులు కుట్టేది. నాటకశాలలో చూచిన గాయనులను, నర్తకీమణులను తలచుకొని వారి వేషాలను జానెడు బొమ్మలకు తొడిగేది. అటువంటి బొమ్మలు 132 తయారైనాయి. వాటిలో 32 బొమ్మలకు దుస్తులు స్వయంగా రాజకుమారి కుట్టినవే. ప్రతి బొమ్మ పేరు, వేషం, దుస్తులు కుట్టినవారి పేరు ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నారు. మాట్లాడడానికి మనుషులు కరవైన పిల్ల మనుషులను తయారు చేసుకున్నదన్నమాట. తరువాతి కాలంలో ఆమె ప్రేమించినవారిని ఎంత గట్టిగా పట్టుకొనేదో, పోయినవారి వస్తువులను ఎంత మొండిగా దాచుకొనేదో చదివినప్పుడు మాకు ఆ బొమ్మల పెట్టె గుర్తుకు వస్తుంది.

1837 జూన్ 20న, పదునెనిమిది ఏండ్లు నిండిన నెలలోపుననే, ఆమె రాణి అయినది. 1840 ఫిబ్రవరి 10న జర్మన్ రాజకుమారుడు ఆల్బర్టును వివాహమాడింది. ఆనాటి పెండ్లి దుస్తుల విషయంలో ఆమె చేసిన ఎన్నిక గమనింపదగినది. ఇంగ్లండులో యంత్రాల మీద లేసు తయారు కావడంతో డెవన్ ప్రాంతపు చేతిలేసు స్త్రీలు జీవనం కోల్పోయి ఉన్నారు. రాణి తన పెండ్లికి వారి చేత హోనిటన్ లేసునే చేయించింది. బీర్ అనే చిన్న పల్లెలోను, పరిసరాలలోను రెండువందల మంది స్త్రీలు నెలల తరబడి ఆ పని చేశారు. ఆ లేసును ఆమె ఒకనాటి ముచ్చటగా పెట్టెలో పెట్టి మరచిపోలేదు. పిల్లల శుభకార్యాలకు మరల మరల ధరించింది. 60 ఏండ్ల జూబిలీ చిత్రంలో కూడా ఆమె తల మీద ఉన్నది ఆ పెండ్లి మేలిముసుగే.

క్రోషియా చరిత్రకు వస్తే, దానికి ఆ కాలంలో ప్రాచుర్యం తెచ్చినది వైభవం కాదు, ఆకలి. 1845 నుండి ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి ఘోరమైన క్షామం వచ్చింది. పది లక్షలమంది మరణించారు. కార్క్ నగర సమీపంలోని బ్లాక్‌రాక్ మఠపు సన్యాసినులు, ఇంకా ఇతరులు, పేద స్త్రీలకు కొక్కెపు సూది చేతికిచ్చి లేసు అల్లడం నేర్పినారు. ఆ అల్లిక అమ్మి ఎన్నో కుటుంబాలు ప్రాణాలు నిలుపుకొన్నాయి. ఆశ్చర్యమేమంటే దాదాపు ఆ సంవత్సరాలలోనే, 1844లో, స్కాట్లండు నుండి వచ్చిన మాక్రే దంపతులు గోదావరీ తీరంలో మన స్త్రీలకు ఈ విద్య నేర్పినారు. మన కృష్ణా డెల్టాకు కొల్లేటి ఆవల ఉన్న నర్సాపురం పరిసరాలలో అది స్థిరపడి, వేలాది ఇండ్లకు పాకింది. ఈ స్త్రీల జీవితాలను పరిశీలించి మరియా మీస్ అనే జర్మన్ విదుషి 1982లో ఒక గ్రంథమే ప్రచురించింది. ప్రపంచ విపణికి సరుకు తయారు చేసే ఆ శ్రామికులను ఇంటిపట్టున తీరికవేళ అల్లుకొనే ఇల్లాండ్రుగా లెక్కగట్టి, అత్యల్పమైన కూలి ఇచ్చి, లాభం వర్తకులు తీసుకొన్న వైనం ఆమె చెప్పింది. 2024లో నర్సాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. చేతిపని కానుకగా వెళ్ళినప్పుడు దాని గౌరవం వేరు, కూలికి వెళ్ళినప్పుడు వేరు. సూది మాత్రం ఒక్కటే.

ఇక రాణి వద్దకు తిరిగి వద్దాము. ఆమెకు తొమ్మండుగురు సంతానం. గృహజీవితం ఆనందమయం. 1854 చలికాలంలో క్రిమియా యుద్ధానికి వెళ్ళిన సైనికులు చలికి మాడిపోతున్నారని విని రాణి, కుమార్తెలు, పరివార స్త్రీలు అందరూ కూర్చొని ఉన్ని చేతితొడుగులు, కండువాలు అల్లి పంపినారు. 1861 డిసెంబరు 14న ఆల్బర్టు మరణించాడు. ఆనాటి నుండి నలుబది సంవత్సరాలు ఆమె నల్లని దుస్తులు విడువలేదు. చాలాకాలం ప్రజలకు ముఖం చూపలేదు. ఆ రోజులలో రాట్నం ముందు కూర్చొని నూలు వడుకుతున్న ఆమె ఛాయాచిత్రం ఒకటి ఉన్నది. మంత్రులు ఆమెను సభలకు రప్పించలేకపోయిన కాలంలో కూడా చేతులు పని కోరుకొనేవి కాబోలు.

కృష్ణా తీరానికీ ఆమెకూ గల సంబంధాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. మన నదీతీరాన, పల్నాటి కొల్లూరు గనులలో దొరికినదని చరిత్రకారులు భావించే కోహినూరు వజ్రం 1850 జూలై 3న ఆమె చేతికి అందింది. దానిని కానుక అన్నారు. పంజాబు రాజ్యం కోల్పోయిన పదేండ్ల బాలుడు దిలీప్ సింగ్ చేత 1849 లాహోరు సంధి షరతుగా తీసుకొన్న దానిని కానుక అనడం భాషకు అపచారమని మేము తలుస్తున్నాము. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయంలో మునిగి ఉన్నది.

1857 తిరుగుబాటు అణచిన తరువాత, 1858 నవంబరు 1న, భారతదేశ పాలన కుంపిణీ నుండి రాణి పేరుకు మారింది. ఆ సందర్భపు ప్రకటనలో మతవిషయాలలో జోక్యం చేసుకొనబోమన్న హామీ ఉన్నది. మంత్రులు రాసి తెచ్చిన చిత్తుప్రతి కర్కశంగా ఉన్నదని, దయాదాక్షిణ్యాలు ధ్వనించేటట్లు తిరిగి రాయించినది రాణియే. ఇది ఆమెకు దక్కవలసిన మెప్పు. కాని ప్రకటన వేరు, పాలన వేరు. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో లిట్టన్ ప్రభువు ఆమెను చక్రవర్తినిగా చాటించిన సమయంలో మద్రాసు రాజధానిలో ధాతు కరువు విలయతాండవం చేస్తున్నది. దక్షిణదేశమంతటా కలసి ఏబది లక్షలకు పైగా జనం ఆ కరువు వాతబడ్డారు. సహాయపు పనులలో రోజంతా రాళ్ళు మోసిన మనిషికి ఇచ్చిన కూలిధాన్యం ప్రాణం నిలిపేందుకు చాలదని ఆనాడే వైద్యులు మొరపెట్టుకొన్నారు. కృష్ణా డెల్టా ఆ గండం నుండి చాలావరకు తప్పించుకొన్నదంటే అది చక్రవర్తిని చలువ కాదు; 1852 - 1855 మధ్య కుంపిణీ కాలంలో, ఆర్థర్ కాటన్ యోచన ప్రకారం కెప్టెన్ ఆర్ బెజవాడ వద్ద నిర్మించిన ఆనకట్ట చలువ. 1832 - 33 డొక్కల కరువులో గుంటూరు సీమ ఎట్లా నశించిందో తెలిసినవారికి ఆ నీటి విలువ తెలుస్తుంది.

రాణికి భారతదేశం ఒక మనిషి రూపంలో దగ్గరగా వచ్చినది 1887లో, బెజవాడలో ఆమె పేర పునాది పడిన ఆ జూన్ మాసంలోనే. ఆగ్రా జైలులో గుమాస్తాగా ఉండిన ఇరువదినాలుగేండ్ల అబ్దుల్ కరీం జూబిలీ పరిచర్యకై ఇంగ్లండు చేరాడు. భోజనపు బల్ల వద్ద నిలువబడడానికి వచ్చినవాడు కొద్ది వారాలలో ఆమెకు గురువైనాడు. అరువది ఎనిమిదేండ్ల వయస్సులో రాణి అలిఫ్, బే దిద్దడం ఆరంభించింది. కరీం ఒక వాక్యం ఉర్దూలో రాసి ఇచ్చేవాడు. ఆమె దాని క్రింద తన చేతితో అదే వాక్యం రాసేది. పదుమూడేండ్లపాటు, ప్రభుత్వపు కాగితాలు ఎన్ని ఉన్నా, ఈ పాఠం సాగింది. ఆమె కరీంకు మున్షీ అనే బిరుదు ఇచ్చింది, ఇండ్లు ఇచ్చింది. కొడుకులు, కొలువులోని దొరలు దీనిని సహింపలేదు. ఒక నల్లవాడు, అందునా ఒక ముస్లిం, తమ సరసన కూర్చోవడమా అన్నదే వారి బాధ. 1897లో అది పెద్ద కలహంగా పరిణమించినా రాణి పట్టు విడువలేదు. మా దృష్టిలో ఆమె ఉర్దూ రాత కూడా క్రోషియా వంటిదే. ఒక్కొక్క అక్షరాన్ని మరొకరికోసం శ్రమపడి అల్లడమే కదా. ఆమె ప్రేమించగలిగినది దేశాన్ని కాదు, ఎదుట కూర్చున్న మనిషిని. ఆ ప్రేమ మాత్రం నిజమైనది.

1899 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం ఆరంభమైనది. ఓటమి వార్తలతో ఆ శీతకాలం గడిచింది. 1900 నూతన సంవత్సర కానుకగా రాణి తన బొమ్మ గల రేకు డబ్బాలలో చాక్లెట్లు పెట్టించి సైనికులకు లక్షకు పైగా పంపింది. అవి కర్మాగారాలలో తయారైన కానుకలు. ఆ తరువాత ఆమె స్వయంగా పనికి కూర్చున్నది. అప్పటికి కంటిపొరల వలన కాగితాలు చదవడమే ఆమెకు కష్టంగా ఉండేది. కుమార్తె బియాట్రిస్ చదివి వినిపించవలసి వచ్చేది. క్రోషియాకు కన్ను మందగించినా వేళ్ళకు లెక్క తెలిసి ఉంటే చాలునని అల్లేవారు చెబుతారు. ఖాకీరంగు బెర్లిన్ ఉన్నితో ఆమె ఎనిమిది కండువాలు అల్లింది. ప్రతిదానికి ఒక కొనన వి. ఆర్. ఐ. అనే మూడక్షరాలు కుట్టారు. లాటిన్ భాషలో విక్టోరియా, రాణి, చక్రవర్తిని అని వాటి అర్థం.

నాలుగు కండువాలు బ్రిటిషు పటాలాలకు వెళ్ళినాయి. తక్కిన నాలుగు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా దళాల సామాన్య సైనికులకు ఒక్కొక్కటి చొప్పున. అధికారులకు ఇవ్వలేదు, గ్రహీతలను దళాలవారే ఎంచుకొన్నారు. కెనడా కండువా పొందిన రిచర్డ్ రోలండ్ టాంప్సన్ పుట్టినది ఐర్లండులోని కార్క్‌లో - క్షామకాలంలో పేదరాండ్రు క్రోషియా నేర్చిన ఆ ప్రాంతమే. 1900 ఫిబ్రవరిలో పార్డెబర్గ్ యుద్ధభూమిలో, మెడనరం తెగిన తోటి సైనికుని గాయాన్ని వ్రేళ్ళతో అదిమిపట్టి, గుండ్లు కురుస్తుండగా ఏడు గంటలసేపు అట్లాగే పడుకొని అతని ప్రాణం కాపాడినాడు. అటువంటి చేతులకు అటువంటి కానుక తగినదే. న్యూజీలాండ్ సైనికుడు హెన్రీ కౌట్స్, ఆస్ట్రేలియా సైనికుడు ఆల్‌ఫ్రెడ్ డు ఫ్రేయర్, దక్షిణాఫ్రికా దళపు లెనార్డ్ చాడ్విక్ మిగిలినవారు. ఈ కండువా విక్టోరియా క్రాస్‌కు మించినదని కొందరు రాశారు, అది పొరపాటు. నియమనిబంధనలు గల పతకం కాదది. ఒక ముసలి అవ్వ పంపిన ఉన్నిబట్ట. దాని విలువ అందులోనే ఉన్నదని మా అభిప్రాయం.

మా మనస్సును కలచే సంగతి మరొకటి ఉన్నది. ఆ మూడక్షరాలలో కడపటిది, చక్రవర్తిని అనే మాట, ఆమెకు ఏ దేశం వలన వచ్చింది? కెనడా వలన కాదు, ఆస్ట్రేలియా వలన కాదు. కేవలం భారతదేశం వలన. అయినను ఎనిమిదింటిలో ఒక్క కండువా భారతీయునికి రాలేదు. ఇది తెల్లవారి యుద్ధమని, భారత సైనికులను ఆయుధాలతో దించరాదని ప్రభుత్వం నిర్ణయించి ఉండినది. కాని డోలీలు మోయడానికి, నీళ్ళు మోయడానికి, గుర్రాలను చూడడానికి భారతీయులు కావలసివచ్చినారు. నేటాలులో గాంధీజీ సమకూర్చిన క్షతగాత్రుల సేవాదళంలో సుమారు 1,100 మంది ఉండిరి. వారిలో 800 మంది ఒప్పందపు కూలీలు. నేటాలు చెరకు తోటలకు వెళ్ళిన కూలీలలో అధికసంఖ్యాకులు మద్రాసు రాజధానివారు, తమిళులు, తెలుగువారు. కొలెన్సో, స్పియన్ కోప్ యుద్ధాలలో గాయపడినవారిని డోలీలలో మైళ్ళకొలది మోసినారు. పతకాలు నాయకులుగా లెక్కింపబడిన 37 మందికి వచ్చినాయి. మోసిన భుజాలకు ఏమీ రాలేదు. ముట్టడిలో ఉన్న లేడీస్మిత్ పట్టణంలో ప్రభుసింగ్ అనే కూలీ ఎత్తయిన చోట నిలబడి, శత్రువు ఫిరంగి పేలినప్పుడెల్ల గంట మ్రోగించి జనాన్ని హెచ్చరించి కాపాడినాడు. అతనికి వైస్రాయి కర్జన్ ప్రభువు కాశ్మీరపు అంగరఖా పంపినాడు. అది కూడా గౌరవమే, కాదనము. రాణి చేతి అల్లిక మాత్రం కాదు.

ఆమె హృదయం చెడ్డదని మేము అనము. కన్నుల ఎదుటికి వచ్చిన అబ్దుల్ కరీం కోసం కన్నకొడుకుతో కలహించిన స్త్రీ ఆమె. కండువాలు ఎవరికని అడిగినప్పుడు ఎదుట ఉంచిన జాబితాలో డోలీ మోసేవాడు లేడు. ఆమె అతనిని చూడలేదు, చూపించినవారు లేరు. సామ్రాజ్యమనేది అటువంటి ఏర్పాటు.

ఆ యుద్ధంలో పనిచేసిన తెలుగువాడు ఒకడు ఉన్నాడు: మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్య. గాంధీజీతో ఆయనకు పరిచయం కలిగినది దక్షిణాఫ్రికాలోనే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశం జరిగినప్పుడు వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగులతో రాట్నం గల జెండాను సిద్ధం చేసి గాంధీజీకి సమర్పించాడు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు గుర్తు. తక్కిన మతాలవారి మాటేమిటని ఆలోచించి గాంధీజీ తెల్లని పట్టీ కూడా చేర్చమన్నారు. జాబితాలో లేనివారిని చేర్చడానికి ఆయనకు పట్టినది ఒక గుడ్డపీలిక. ఆ సమర్పణ విక్టోరియా జూబిలీ భవనంలోనే జరిగినదని బెజవాడవారు చెప్పుకొంటారు.

రాణి ఆ రోజులు చూడలేదు. 1900 అక్టోబరు 29న ఆమె మనుమడు క్రిస్టియన్ విక్టర్ ప్రిటోరియాలో విషజ్వరంతో మరణించాడు. ఆ దెబ్బ నుండి ఆమె కోలుకోలేదు. 1901 జనవరి 22న వైట్ ద్వీపంలోని ఆస్బోర్న్ భవనంలో కన్నుమూసింది. శవపేటికలో ఏమేమి ఉంచాలో ముందుగానే రాసి ఇచ్చింది. ఆల్బర్టు అంగీ, ఆల్బర్టు చేతి అచ్చు ఉంచినారు. డెవన్ స్త్రీలు అల్లిన పెండ్లి మేలిముసుగు ముఖాన కప్పినారు. పేటిక మూసేముందు కడపటి దర్శనం చేసుకొన్నవారిలో అబ్దుల్ కరీం ఒకడు.

కొన్ని రోజులకే కొత్త రాజు ఏడవ ఎడ్వర్డు మనుషులు కరీం ఇంటికి వచ్చి, రాణి అతనికి రాసిన ఉత్తరాలన్నీ తెప్పించి, అతని ఎదుటనే తగులబెట్టినారు. అతనిని ఆగ్రాకు పంపివేసినారు. 1909లో అక్కడనే అతడు మరణించాడు. టాంప్సన్ అంతకు ముందు సంవత్సరమే పోయినాడు. అతని కండువా నేడు కెనడా యుద్ధ ప్రదర్శనశాలలో ఉన్నది. డు ఫ్రేయర్ కండువా ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఉన్నది. రాణి ఉర్దూ దిద్దిన పుస్తకాలను మాత్రం కాల్చినవారు కాల్చలేదు. అవి 13 సంపుటాలు. విండ్సర్ కోటలో భద్రంగా ఉన్నాయి.